బుల్లి లారీల షెడ్డు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం రంగు గురించే. వానాకాలం కదా, ఆశ్చర్యమేం లేదు. ఈ పేజీ కొత్తగా చదివేవాళ్లకి ఒక్క మాట. ఇక్కడ మాట్లాడుకునేది ప్లాస్టిక్ కిట్లతో కట్టే కార్లు, లారీల గురించి. పెట్టె విప్పితే ఫ్రేముకి అంటుకుని ఉన్న ముక్కలు, మెత్తటి టైర్లు, గుర్తులు అచ్చేసిన కాగితం ఉంటాయి. కోసి, రాకి, అతికించి, రంగు వేసుకోవాలి. నేను విజయనగరంలో ఐటీఐ కుర్రాళ్లకి మోటార్ మెకానిక్ పని నేర్పి రిటైరైనవాణ్ణి. అందుకే ఎవరేం అడిగినా ముందు "కొలిచావా?" అంటాను. ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, కారు బాడీకి ఆటో పెయింట్ షాపులో ఎర్ర ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు, థిన్నర్ కొని స్ప్రే చేశాను. బానెట్ మీద సన్నటి పగుళ్లు అల్లుకుపోయాయి. డిక్కీ వైపు తెల్లగా మసకబారింది. షాపువాడు కల్తీ పెయింటు అంటగట్టాడా?
– డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: షాపువాణ్ణి వదిలెయ్ బాబూ. నీకొచ్చినవి రెండు వేరు వేరు జబ్బులు. మందు కూడా దేనికదే.

పగుళ్ల సంగతి ముందు. కిట్ ముక్కలు పాలీస్టైరీన్ ప్లాస్టిక్. ఎన్‌సీ థిన్నర్ ఆ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. అసలు కిట్లకి వాడే జిగురు పనిచేసేదే అలాగ. రెండు అంచుల్నీ కొంచెం కరిగించి ఒకదాన్లో ఒకటి కలిపేస్తుంది. జిగురు అంచు మీదే ఉంటుంది కాబట్టి మేలు చేసింది. నువ్వు అదే తరహా ద్రావకాన్ని బానెట్ అంతటా తడిసేలా కొట్టావు. ఇనుప రేకు మీద ఎంత తడిగా కొట్టినా దానికేం కాదు. షెడ్డులో మేస్త్రీలు కొట్టే తీరు చూసి నువ్వు కూడా అలాగే కొట్టి ఉంటావు.

ఇప్పుడు చెయ్యాల్సింది: రంగు వారం పాటు పూర్తిగా ఆరనివ్వు. 400 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు పోసుకుంటూ పగుళ్లు పోయేదాకా రుద్దు. లోతుగా ఉన్నచోట పలచగా లప్పం పెట్టు. ఆరాక 800తో రుద్ది, డిష్ సోపుతో కడుగు. తర్వాత కిట్ల కోసమే అమ్మే ప్రైమర్ వెయ్యి. దాని మీద ఎన్‌సీయే వేస్తానంటే వెయ్యి గానీ, మొదటి రెండు మూడు పూతలు జానెడు దూరం నుంచి నీటి తుంపరలా మాత్రమే పడాలి. తడి మెరుపు కనిపించకూడదు. ఒక పూత ఆరాకే ఇంకో పూత. బంపర్లకి వాడే ప్లాస్టిక్ ప్రైమర్ కొనమని కొందరు సలహా ఇస్తారు. బంపరు ప్లాస్టిక్ వేరు, మనది వేరు. ఏదైనా సరే, ముక్కలు కోసేశాక మిగిలే ఫ్రేము ఉంటుంది కదా, అదీ అదే ప్లాస్టిక్. ముందు దాని మీద కొట్టి మర్నాడు గోటితో గీకి చూడు. ఫ్రేముల్ని చెత్తబుట్టలో వేసేవాళ్లంటే నాకు చిరాకు.

ఇక మసక. థిన్నర్ వేగంగా ఆవిరైపోతూ బాడీని చల్లబరుస్తుంది. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పూత మీద నీరై దిగుతుంది. అదే తెల్లగా కనిపిస్తుంది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సముద్రపు గాలి ఎలాగూ ఉంది, దానికి తోడు వాన. పొద్దున్నే చల్లగా ఉందని స్ప్రే చెయ్యకు. చెమ్మ ఎక్కువుండేది అప్పుడే. ఎండ బాగా ఎక్కాక చెయ్యి. షెడ్డులో రిటార్డర్ అని అడిగితే నెమ్మదిగా ఆరే థిన్నర్ ఇస్తారు. కాస్త కలుపుకో. మసక పట్టిన చోట మాత్రం రుద్దనక్కర్లేదు. పొడి ఎండ కాసిన రోజున అదే రిటార్డర్ థిన్నర్‌ని తుంపరగా వేస్తే పైపూత మళ్లీ కొంచెం కరిగి, లోపలి చెమ్మ వదిలి, రంగు తేరుకుంటుంది. తొందరపడి హెయిర్ డ్రయర్ దగ్గరగా పెట్టకు. మరిగే నీళ్ల వేడికే ఈ ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోతుంది.

ప్రశ్న: 1:24 అనీ 1:25 అనీ రెండెందుకు? ఏది మంచిది?
– తొమ్మిదో తరగతి, చీపురుపల్లి

జవాబు: అసలు బండిలో ఒక అడుగు మోడల్లో అర అంగుళమైతే అది 1:24. లెక్క వేసుకో, అడుగుకి 12 అంగుళాలు, అంటే 24 అర అంగుళాలు. జపాన్ తమియా, ఇటలీ ఇటలేరి కంపెనీలు కార్లూ లారీలూ ఎక్కువగా ఈ కొలతలోనే చేస్తాయి. 1:25 అమెరికా అలవాటు. అక్కడ ఏఎంటీ కంపెనీ కార్ల డీలర్ల కోసం ఆ సైజులో నమూనా కార్లు చేసేది. ఆ తర్వాత కిట్లూ అదే సైజులో వచ్చాయి. రెండు మీటర్ల వెడల్పున్న బండికి తేడా మూడు మిల్లీమీటర్లు. షెల్ఫులో పక్కపక్కన పెడితే ఎవరికీ తెలీదు. టైర్లు, ఇంజన్లు ఇటుది అటు మార్చేటప్పుడు మాత్రం తెలుస్తుంది.

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మా నాన్నగారు టెక్కలి క్వారీల నుంచి విశాఖపట్నం పోర్టుకి గ్రానైట్ దిమ్మలు తోలేవారు. పది చక్రాల టాటా లారీ. దాన్ని అమ్మేసి చాలా ఏళ్లయింది. ఆయన అరవయ్యో పుట్టినరోజుకి ఆ లారీని 1:24లో కట్టి ఇవ్వాలని ఉంది. ఏ కిట్టూ దొరకలేదు. పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి, ముందు నుంచి తీసింది ఒకటి ఉన్నాయి. ఇంతకు ముందు రెండు జపాన్ కార్లు కట్టాను. ఇది నా వల్ల అవుతుందా?
– బ్యాంకు ఉద్యోగిని, టెక్కలి

జవాబు: అవుతుంది తల్లీ. ఈ నెల నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇదే, అందుకే చోటు ఎక్కువ తీసుకుంటున్నాను. మోడళ్లంటే ఫెరారీలే అనుకునే కుర్రాళ్లు కూడా ఇది చదవాలి.

కిట్ లేదని దిగులు పడకండి. మన లారీ ఫ్యాక్టరీ నుంచి చాలాసార్లు చాసిస్ (అడుగు చట్రం), ఇంజను, ముందు అద్దం చట్రం వరకే వచ్చేది. మిగతా క్యాబిన్, వెనక బాడీ ఇక్కడి షెడ్డుల్లో చెక్కతో, రేకుతో కట్టేవారు. అందుకే ఒక లారీలా ఇంకో లారీ ఉండదు. చదునైన రేకు పలకలు, చెక్క పట్టీలు కాబట్టి ప్లాస్టిక్ షీటుతో చెయ్యడం వంపుల కారు కంటే తేలిక. అర మిల్లీమీటరు షీటు రేకుకి, ఒక మిల్లీమీటరు షీటు చెక్క పలకలకి సరిపోతుంది. ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌బోర్డ్ చవక గానీ, అది వేరే ప్లాస్టిక్. కిట్ జిగురు దానికి పట్టదు.

ముందు కొలతలు. పక్క నుంచి తీసిన ఫొటోయే మీ టేపు. ఆ లారీకి 10.00–20 టైర్లుండి ఉంటే, టైరు బయటి అడ్డుకొలత సుమారు 1,050 మిల్లీమీటర్లు. టైరు పక్క మీద సైజు రాసి ఉండేది, నాన్నగారిని మాటల్లో పెట్టి అడగండి. డ్రైవర్లు టైరు సైజు మర్చిపోరు. ఇప్పుడు ఫొటోలో టైరుని స్కేలుతో కొలవండి. నిలువుగా కాదు, అడ్డంగా. బరువుకి టైరు కింద నొక్కుకుపోయి ఉంటుంది. ఫొటోలో అది 21 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, ఫొటోలో ఒక మిల్లీమీటరు అసలు బండిలో 50 అన్నమాట. ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక మొదటి చక్రం నడిమధ్యకి ఫొటోలో 84 వస్తే, అసలు దూరం 4,200. దాన్ని 24తో భాగిస్తే మీ మోడల్లో 175 మిల్లీమీటర్లు. బాడీ పొడవు, క్యాబిన్ ఎత్తు, డీజిల్ ట్యాంకు, అన్నీ ఇలాగే రాబట్టొచ్చు. ఫొటో కాస్త వాలుగా తీసి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. ముందు టైరూ వెనక టైరూ ఒకే కొలత వస్తున్నాయో లేదో చూసుకుంటే అది తెలిసిపోతుంది. వెడల్పుకి ఫొటోతో పని లేదు. మన మోటారు వాహనాల నిబంధన 2.6 మీటర్లు దాటొద్దంటుంది. అంటే మోడల్లో 108 మిల్లీమీటర్లు మించకూడదు.

చాసిస్, కమాను కట్టలు (ఇరుసుల మీది స్ప్రింగు పట్టీలు), ఇరుసులు సొంతంగా చెయ్యొద్దు, ప్రాణం విసిగిపోతుంది. మూడు ఇరుసుల యూరప్ లారీ కిట్ ఏదైనా తీసుకుని దాని చాసిస్‌ని మీ కొలతకి కోసి అతికించండి. చక్రాలు చూసి తీసుకోండి. ఈ కాలపు యూరప్ లారీలకి ట్యూబ్ లేని టైర్ల రిమ్ములుంటాయి. మన పాత లారీలకి ట్యూబు టైర్లు, రిమ్ము అంచున విడిగా లాక్ రింగు. సన్నటి రాగి తీగని గుండ్రంగా చుట్టి రిమ్ము అంచున అతికిస్తే ఆ రింగు వచ్చేస్తుంది. ఇది చిన్న విషయమే. కానీ లారీ తోలిన మనిషి కన్ను ముందు పడేది అక్కడే.

గ్రానైట్ దిమ్మ దగ్గర చాలామంది దెబ్బ తింటారు. లారీ నిండా కనిపించాలని పెద్దది చేసేస్తారు. గ్రానైట్ ఘనమీటరు సుమారు 2.7 టన్నులు. పది చక్రాల లారీకి సరుకుతో కలిపి అనుమతించిన బరువు 2018 దాకా 25 టన్నులే. బండి బరువు పోగా దిమ్మకి మిగిలేది 16 టన్నులు, అటూ ఇటూగా. 2.6 మీటర్ల పొడవు, 1.6 వెడల్పు, 1.4 ఎత్తున్న దిమ్మ దాదాపు అంత తూగుతుంది. మోడల్లో అది 108, 67, 58 మిల్లీమీటర్లు. లారీ మీద పెడితే "ఇంతేనా?" అనిపిస్తుంది. ఇంతే. అసలు రోడ్డు మీద చూడండి, దిమ్మ చుట్టూ బాడీ ఖాళీగానే ఉంటుంది. ఓవర్‌లోడు సంగతి నాన్నగారిని అడగండి, నేను రాయను.

దిమ్మని ప్లాస్టర్‌తో పోత పోస్తే అర కిలో అవుతుంది, ప్లాస్టిక్ ఇరుసులు ఒంగుతాయి. థర్మోకోల్ కోసి, పైన గోడలకి వాడే నీళ్ల లప్పం పలచగా పట్టించండి. ఎన్‌సీ లప్పం వాడితే థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. క్వారీలో రాయిని విడదీసేందుకు వరసగా రంధ్రాలు వేస్తారు, అందువల్ల దిమ్మ అంచుల్లో సగం గొట్టం ఆకారంలో నిలువు గాడులుంటాయి. లప్పం పచ్చిగా ఉండగానే దబ్బనం పడుకోబెట్టి నొక్కితే సరిగ్గా అవే వస్తాయి. రంగు మీ ఊరి రాయిదే, నీలి బూడిద మీద వంకర చారలు. ఒక చిన్న రాతి ముక్క ఎదురుగా పెట్టుకుని వెయ్యండి. టెక్కలిలో దానికి కరువా!

పుట్టినరోజు ఎప్పుడో రాయలేదు. నెల రోజుల్లో ఉంటే మాత్రం క్యాబిన్ తలుపులు తెరుచుకునేలా చెయ్యాలన్న ఆశ వదులుకోండి.

ప్రశ్న: కిటికీ అద్దాలు ఇన్‌స్టంట్ గమ్‌తో అతికించాను. మర్నాటికి తెల్లటి పొర పట్టింది.
– రాజాం

జవాబు: ఆ గమ్ము ఆరేటప్పుడు వచ్చే ఆవిరి అద్దం మీద పేరుకుంటుంది. వేలిముద్రలున్న చోట ఇంకా ఎక్కువ. మెత్తటి పాలిషింగ్ కాంపౌండ్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. ఇకపై అద్దాలకి చెక్కకి వాడే తెల్ల జిగురు చాలు. ఎక్కువైతే తడి ఇయర్‌బడ్‌తో తుడిచెయ్యొచ్చు, ఆరాక కనబడదు. అద్దం బరువెంతని, దానికంత గట్టి గమ్ము!

ప్రశ్న: మాస్టారు గారూ, మావాడు ఇంటర్ చదువుతున్నాడు. గది తలుపు వేసుకుని రంగులు కొడుతుంటాడు. వాసనకి నాకు తలనొప్పి. ఒక్కో పెట్టె వేలల్లో ఉంటోంది. దీన్ని మాన్పించాలా?
– గృహిణి, విజయనగరం

జవాబు: మాన్పించొద్దమ్మా, గది మార్పించండి. తలుపు వేసుకుని స్ప్రే చెయ్యడం మాత్రం ఈ రోజే ఆపాలి. డాబా మీదో, గాలి ఆడే వరండాలోనో చెయ్యమనండి. దగ్గర్లో పొయ్యి, అగరబత్తి ఉండకూడదు, థిన్నర్ ఆవిరి అంటుకుంటుంది. గుడ్డ మాస్కు దుమ్ముకే పనికొస్తుంది. ద్రావకాల ఆవిరికి దాన్ని వడగట్టే డబ్బీ (కార్ట్రిడ్జ్) ఉన్న మాస్కు కావాలి. రంగుల ఖర్చులో ముందు అదే కొనిపించండి. కుంచెతో వేసే నీళ్ల రంగులైతే ఇంత గొడవ లేదు. కట్టర్ బ్లేడు మొద్దుబారితే వెంటనే మార్చమనండి. మొద్దు బ్లేడుని బలంగా నొక్కుతారు, అది జారి వేలు కోస్తుంది.

డబ్బు విషయానికొస్తే, 2020 బడ్జెట్‌లో విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. కిట్లూ ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే ఆ ధర. వాడు కొన్నాడు, వీడు కొన్నాడు అని పోటీగా కొనుక్కోకుండా, చేతిలోది పూర్తయ్యాకే ఇంకోటి అని షరతు పెట్టండి. విప్పని పెట్టెలు అటక మీద పేర్చుకునే రోగం పెద్దవాళ్లకే ఎక్కువ, నాకు తెలుసు.

ప్రశ్న: బొమ్మల షాపులో ప్లాస్టిక్ అంబాసిడర్ కొన్నాను. దానికి 20 అంగుళాల అల్లాయ్ చక్రాలు పెట్టి, కిందికి దించి, క్రోమ్ అంతా తీసేసి నల్లగా చెయ్యాలని ఉంది. పెద్దలు తిడతారేమో!
– బొబ్బిలి

జవాబు: తిట్టను. అమెరికాలో 1958లో ఏఎంటీ అమ్మిన కిట్లలోనే ఒకే కారుని మూడు రకాలుగా కట్టుకునే సామాను ఉండేది. మామూలుగా కట్టుకో, సోకు చేసి కట్టుకో, రేసు కారుగా కట్టుకో. ఈ సరదా అంత పాతది.

అయితే కొలిచావా? అసలు అంబాసిడర్ పొడవు సుమారు 4,325 మిల్లీమీటర్లు, చక్రాల మధ్య దూరం 2,464. నీ బొమ్మ 1:24 అయితే 180, 103 రావాలి. బొమ్మల కంపెనీలు పెట్టె సైజుకి తగ్గట్టు కుదిస్తుంటాయి. రెండు కొలతల్నీ విడివిడిగా భాగించి చూడు. రెండూ ఒకే స్కేలు చెప్పకపోతే, మోడల్ చక్రాలు పెట్టగానే బండి పొట్టిగా కనిపిస్తుంది. దానికి 15 అంగుళాల రిమ్ములుండేవి, 1:24లో 16 మిల్లీమీటర్లు. నువ్వడిగే 20 అంగుళాలంటే 21. మడ్‌గార్డు లోపలి అంచు చెక్కకుండా పట్టవు. లోపలే చెక్కు, బయటి గుండ్రం చెడగొట్టకు. ఆ భుజాలు పోతే అది అంబాసిడర్ కాదు.

క్రోమ్ పూత పోవాలంటే ముక్కల్ని బట్టలకి వాడే బ్లీచ్ ద్రవంలో వెయ్యి, కాసేపట్లో వదిలేస్తుంది. ఆ గిన్నెలో బాత్రూం యాసిడ్ మాత్రం కలపొద్దు, ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వస్తుంది. ముందు జాలీ మాత్రం మెరుస్తూనే ఉంచు అంటాను. ఇది నా చాదస్తం, నీ బండి నీ ఇష్టం.

ప్రశ్న: లారీ ముందు తెలుగులో పేరు, వెనక నంబరు ప్లేటు ఎలా రాయాలి? కుంచెతో వణుకుతోంది.
– పలాస

జవాబు: అసలు లారీ మీద జానెడు అక్షరం మోడల్లో పది మిల్లీమీటర్లు కూడా ఉండదు. కుంచె వదిలెయ్యండి. నీళ్లలో నానబెట్టి జార్చే డెకాల్ కాగితం దొరుకుతుంది, ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌కి పనికొస్తుంది. చిక్కేమిటంటే, ఆ ప్రింటర్ తెల్ల రంగు వెయ్యలేదు. మన లారీ పేర్లేమో తెల్లగానో పసుప్పచ్చగానో ముదురు రంగు మీద ఉంటాయి. కాబట్టి తెల్ల డెకాల్ కాగితం కొని, అక్షరం ఖాళీగా వదిలి చుట్టూ ముదురు రంగు అచ్చెయ్యండి. పేరు రాసే పలకకి ఎలాగూ అంచు గీత ఉంటుంది, అక్కడికి కోస్తే అతుకు కనబడదు. కంప్యూటర్ అక్షరాలు మాత్రం వద్దు. పెయింటర్ చేతి రాతలో గుడి, దీర్ఘం, వాటి కింద పడే నీడ గీత వేరు. రోడ్డు పక్క ఆగిన లారీని ఫొటో తీసి, ఆ అక్షరాల మీదే గీసుకోండి.

అచ్చేశాక వార్నిష్ తుంపర వేసి ఆరనివ్వాలి, లేకపోతే నీళ్లలో సిరా కరిగిపోతుంది. అతికించే చోటు నున్నగా మెరుస్తూ ఉండాలి. గరుకు రంగు మీద పెడితే కింద గాలి చిక్కుకుని తెల్లగా మెరుస్తుంది.

నంబరు విషయం. ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. పాత లారీ కట్టి 39 రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు, ముందు నేనే. లారీకి పసుపు మీద నల్ల అక్షరాలు. ఇప్పటి హై సెక్యూరిటీ ప్లేటు లారీకి 340, 200 మిల్లీమీటర్లు, అంటే మీకు 14, 8. కారుకి వాడే పొడుగు ప్లేటు 500, 120. అది 21, 5 అవుతుంది. పాత లారీలకి ప్లేటు బదులు రేకు మీద పెయింటర్ రాసేవాడు, అక్కడ కొంచెం వంకర ఉన్నా నష్టం లేదు.

ప్రశ్న: పాత కిట్ కట్టి పెట్టెలో దాచాను. చాలాకాలం తర్వాత తీస్తే టైర్లు రిమ్ముల్లోకి కరిగి అంటుకుపోయాయి. ఎండ తగల్లేదు. ఎందుకిలా?
– శ్రీకాకుళం

జవాబు: ఎండ కాదు, టైరే. మెత్తగా ఉండడానికి వినైల్ టైర్లలో కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికొచ్చి పాలీస్టైరీన్‌ని తినేస్తుంది. పాత కిట్లలో ఇది ఎక్కువ. విప్పని పెట్టెలో కూడా టైరు ఆనిన చోట ముక్క కరిగిపోతుంది. పాత పెట్టె కొంటే అదే రోజు టైర్లు తీసి విడి కవర్లో పెట్టండి. కట్టిన బండికైతే రిమ్ము మీద టైరు కూర్చునే చోట వంటింటి అల్యూమినియం రేకు సన్నటి పట్టీగా చుట్టి, అప్పుడు టైరు ఎక్కించండి. మీ రిమ్ముల్లో బయటి వైపు బాగున్నవి ఏవైనా ఉంటే, కరిగిన అంచు నున్నగా రాకి, కోసిన ప్లాస్టిక్ పైపు ముక్కని కొత్త అంచుగా అతికించుకోవచ్చు. పైపు కొనేముందు టైరు లోపలి అడ్డుకొలత తీసుకెళ్లండి.

వచ్చే నెల డబుల్ టైర్లు, కమాను కట్టల గురించి. ఫొటోలు పంపేవాళ్లు బండి పక్కన స్కేలు పెట్టి, సరిగ్గా పక్క నుంచి ఒకటి తీయండి. పైనుంచి వంగి తీసిన ఫొటోకి నేను జవాబివ్వలేను.